పద్దెనిమిది నిండాక ఎస్ఎస్ఐ: అమ్మానాన్నల జీతం లెక్కలోంచి తొలగాక మారే సంగతులు

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు ఇళ్లలో ఆటిజమో, డౌన్ సిండ్రోమో, సెరిబ్రల్ పాల్సీయో ఉన్న బిడ్డ ఉంటే ఎస్ఎస్ఐ (ప్రభుత్వం ఇచ్చే నెలవారీ సాయం) మాట ఎప్పుడో ఒకసారి చెవిన పడే ఉంటుంది. ఏ థెరపిస్టో చెబితే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లి అడిగి ఉంటారు, ‘మీ ఆదాయం ఎక్కువ, రాదు’ అని పంపేసి ఉంటారు. ఆ జవాబు తప్పు కాదు. కాకపోతే అది బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండే వరకే చెల్లుతుంది. ఆ సంగతి వాళ్లు చెప్పరు, మనమూ మళ్లీ వెళ్లి అడగం. అలా ఏళ్లు గడిచిపోతాయి. గడిచిన నెలల డబ్బు వెనక్కి రాదు.

రెండో నష్టం ఇంకా పెద్దది. ఎస్ఎస్ఐ వస్తున్న ఇళ్లలో, ఉద్యోగంలో చేరితే డబ్బు ఆగిపోతుందని, మెడికెయిడ్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) పోతుందని భయపడి, వారానికి పదిహేను గంటలు హాయిగా పని చేయగల పిల్లల్ని ఇంట్లోనే ఉంచేస్తున్నారు. లెక్క చేతికొస్తే ఈ భయం నిలవదు. ఎస్ఎస్ఐలో జీతం ఒక డాలరు పెరిగితే సాయం తగ్గేది అర డాలరే, ఆ పైన తగ్గదు. నిజంగా డబ్బు పోయేది వేరే చోట్ల: బ్యాంకు బ్యాలెన్సు దగ్గర, పంపకుండా వదిలేసిన పే స్టబ్ (జీతం చీటీ) దగ్గర, విప్పి చదవని ఉత్తరం దగ్గర.

ఎస్ఎస్ఐ అంటే సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్. 1974 జనవరి నుంచి నడుస్తోంది. ఉద్యోగం చేసి పన్ను కట్టినందుకు వచ్చే పింఛను కాదిది. వైకల్యం ఉండి, ఆస్తీ ఆదాయమూ చాలా తక్కువగా ఉన్నవాళ్లకు ఇచ్చే సాయం. 2026లో ఒక మనిషికి నెలకు గరిష్ఠంగా 994 డాలర్లు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలు దాని మీద కొంత కలుపుతాయి. ఈ వ్యాసంలోని అంకెలన్నీ, వేరే చెప్పకపోతే, 2026వి. ప్రతి జనవరికీ మారతాయి కాబట్టి లెక్క వేసే విధానం గుర్తుపెట్టుకుని అంకెలు ఏటా సరిచూసుకోవాలి.

994 డాలర్ల కోసం ఇంత శ్రమ ఎందుకు అనుకునేవాళ్లున్నారు. ఆ డబ్బు వెనకాల వచ్చే మెడికెయిడ్ విలువ దానికి ఎన్నో రెట్లు. కంపెనీ ఇన్సూరెన్సు డాక్టరు ఫీజు కడుతుంది గానీ, పక్కన ఉండి స్నానం చేయించే అటెండెంటుకో, పగలు గడిపే డే ప్రోగ్రాముకో కట్టదు. అవి వచ్చేది మెడికెయిడ్ వేవర్లు అనే ప్రత్యేక పథకాల ద్వారానే. చాలా రాష్ట్రాల్లో ఎస్ఎస్ఐ వస్తే మెడికెయిడ్ దానంతట అదే వస్తుంది. కొన్ని చోట్ల విడిగా అప్లికేషన్ పెట్టాలి. వేవర్ల వరస మాత్రం వేరు. టెక్సస్‌లో పేరు రాయించుకున్నాక ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. పిల్లవాడికి నాలుగేళ్లున్నా పద్నాలుగేళ్లున్నా ఆ వరసలో పేరు ఈరోజే రాయించండి, ఎస్ఎస్ఐ సంగతి తేలేదాకా ఆగకండి.

ఎవరికి వస్తుంది

ఇక్కడ పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడే. తల్లిదండ్రులు ఇంకా హెచ్1బీ మీద ఉన్నా బిడ్డ అర్హతకు అడ్డు లేదు. హెచ్4 మీద ఉన్న బిడ్డకు మాత్రం రాదు. చిక్కంతా గ్రీన్ కార్డు పిల్లలది. 1996 ఆగస్టు 22 తర్వాత దేశంలోకి వచ్చినవాళ్లకు రెండు షరతులు: గ్రీన్ కార్డు వచ్చి అయిదేళ్లు నిండాలి, 40 క్వార్టర్ల పని ఉండాలి. పదిహేనేళ్ల పిల్లవాడికి 40 క్వార్టర్లు ఎక్కడి నుంచి వస్తాయని కంగారుపడక్కర్లేదు. బిడ్డకు పద్దెనిమిది నిండకముందు అమ్మానాన్నలు చేసిన పని బిడ్డ ఖాతాలో లెక్కపెడతారు. ఏడాదికి మనిషికి నాలుగు క్వార్టర్లు కాబట్టి పదేళ్లు ఉద్యోగం చేసిన తండ్రి ఒక్కడి పనే సరిపోతుంది.

ఇంతకన్నా దగ్గర దారి పౌరసత్వం. గ్రీన్ కార్డు ఉన్న బిడ్డ పద్దెనిమిది లోపు ఉండగా, ఎవరి దగ్గర పెరుగుతున్నాడో ఆ తల్లో తండ్రో సిటిజన్ అయితే బిడ్డ కూడా పరీక్ష లేకుండా సిటిజన్ అయిపోతాడు. పద్దెనిమిది దాటితే సొంతంగా అప్లికేషన్ పెట్టాలి, ఇంగ్లిష్, సివిక్స్ పరీక్ష రాయలేని వైకల్యం ఉంటే డాక్టరుతో ఎన్-648 అనే మినహాయింపు ఫారం నింపించాలి. నాచురలైజేషన్‌కు అర్హత వచ్చి కూడా ‘తర్వాత చూద్దాం’ అని వాయిదా వేస్తున్న తల్లిదండ్రులు బిడ్డ పదిహేడో పుట్టినరోజును గడువుగా పెట్టుకుంటే మంచిది.

అప్లికేషన్ ఎప్పుడు పెట్టాలి

బిడ్డ పుట్టినరోజు మే 12 అనుకుందాం. మే నెలంతా అమ్మానాన్నల ఆదాయం, ఆస్తి బిడ్డవి అన్నట్టే లెక్కవేస్తారు. జూన్ 1 నుంచి ఆ లెక్క ఉండదు. అర్హత మొదలైన నెలకు డబ్బివ్వరు, ఆ పై నెల నుంచి ఇస్తారు. కాబట్టి జూన్ లోపు అప్లికేషన్ పడితే జూలై నుంచి వస్తుంది. వేసవికి ఇండియా వెళ్లొచ్చి తీరిగ్గా సెప్టెంబరులో పెడితే అక్టోబరు నుంచే. జూలై, ఆగస్టు, సెప్టెంబరు కలిపి 2,982 డాలర్లు పోయినట్టే. కాగితాలన్నీ సిద్ధంగా లేకపోయినా పర్వాలేదు. అప్లికేషన్ పెట్టాలనుకుంటున్నామని ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో నమోదు చేయిస్తే ఆ తేదీని నిలబెడతారు. మిగతావి వాళ్లిచ్చిన గడువులోగా పంపాలి.

పెద్దవాళ్ల వైకల్యానికి నిర్వచనం వేరు. చిన్నపిల్లలకైతే తోటి పిల్లలతో పోల్చి చూస్తారు. పద్దెనిమిది దాటితే ‘ఏదైనా ఉద్యోగం చేసి నిలదొక్కుకోగలడా, ఈ పరిస్థితి కనీసం 12 నెలలు ఉంటుందా’ అన్నదే ప్రశ్న. నిలదొక్కుకోవడానికి ఒక అంకె పెట్టారు: నెలకు 1,690 డాలర్లు, చూపులేనివాళ్లకు అయితే 2,830. దీన్ని ఎస్‌జీఏ అంటారు. కొత్తగా అప్లికేషన్ పెట్టేటప్పుడు పన్నులు పోకముందు జీతం ఆ అంకె దాటి ఉంటే మెడికల్ కాగితాలు చూడకుండానే కాదంటారు. చూపులేనివాళ్ల ఎస్ఎస్ఐకి మాత్రం ఈ మెట్టు లేదు. అయితే పక్కన జాబ్ కోచ్ ఉండి సగం పని చేయిస్తున్నా, మిగతా ఉద్యోగుల కన్నా తక్కువ పనికి యజమాని అదే జీతం ఇస్తున్నా, ఆ సాయం విలువ తీసేసే లెక్కించాలి. వాళ్లంతట వాళ్లు తీసేయరు. యజమాని దగ్గర, కోచ్ దగ్గర ఉత్తరం తీసుకుని మనమే ముందు పెట్టాలి.

కాగితాల్లో ఎక్కువ కేసులు దెబ్బతినేది ఎస్ఎస్ఏ-3373 దగ్గర. రోజువారీ పనులు ఎలా చేసుకుంటాడో రాసే ఫంక్షన్ రిపోర్టు అది. మన ఇళ్లలో బిడ్డ గురించి తక్కువ చేసి చెప్పడానికి నోరు రాదు. ‘వంట చేస్తాడా’ అన్న చోట ‘అన్నం వండుతాడు’ అని రాసేస్తాం. అసలు జరిగేదేమిటి? అమ్మ బియ్యం కడిగి, నీళ్లు కొలిచి పోసి, కుక్కర్ మూత పెట్టి, ‘ఇప్పుడు నొక్కు’ అంటే స్విచ్ నొక్కుతాడు. అమ్మ అనకపోతే నొక్కడు. ఉడికాక మూత తీస్తే ఆవిరికి చెయ్యి కాలుతుందని తెలియదు కాబట్టి మూత అమ్మే తీస్తుంది. రాయాల్సింది ఇదంతా. ‘బస్సెక్కుతాడు’ అని రాస్తే ఒంటరిగా ఊరంతా తిరగగలడనుకుంటారు. ఒకే రూటు, ఒకే స్టాపు, ఆరు నెలలు పక్కన కూర్చుని నేర్పించాక, బస్సు ఆలస్యమైతే అక్కడే ఏడుస్తూ నిలబడతాడు అన్నది వేరే మనిషి కథ. ఏం చేస్తాడో ఒక్క ముక్క, ఎవరి సాయంతో, ఎన్నిసార్లు చెబితే, తప్పితే ఏమవుతుందో నాలుగు ముక్కలు రాయండి. ఇది బిడ్డను కించపరచడం కాదు, ఉన్నదున్నట్టు చెప్పడం.

దీనికి తోడు స్కూలు నుంచి ఐఈపీలు (బిడ్డకోసం రాసిన ప్రత్యేక విద్యా ప్రణాళికలు), ఈమధ్య చేసిన సైకలాజికల్ టెస్టింగు కావాలి. తెలివితేటల స్కోరుతో పాటు రోజువారీ నైపుణ్యాలను కొలిచే వైన్‌ల్యాండ్ లాంటిదీ ఉండాలి. రెండో తరగతిలో చేసిన టెస్టు పద్దెనిమిదేళ్ల మనిషికి సాక్ష్యంగా నిలవదు. స్కూలు ఉచితంగా చేసే పునఃపరీక్షను పదకొండో తరగతిలో అడిగి చేయించుకుంటే సరైన సమయానికి చేతిలో ఉంటుంది.

చిన్నప్పటి నుంచి ఎస్ఎస్ఐ వస్తున్న పిల్లలైతే కొత్తగా అప్లికేషన్ అక్కర్లేదు. పద్దెనిమిది నిండాక సాధారణంగా ఏడాదిలోపు పాత కేసును పెద్దవాళ్ల నిబంధనలతో మళ్లీ పరిశీలిస్తారు. ఇక్కడ ఒక వెసులుబాటు చాలామందికి తెలియదు: ఈ పరిశీలనలో ఎస్‌జీఏ మెట్టు వాడరు. అంటే ఉద్యోగం చేస్తున్నాడన్న ఒక్క కారణంతో తోసేయరు. కాదని ఉత్తరం వస్తే అపీలుకు 60 రోజులు గడువు. కానీ అపీలు నడుస్తున్నంత కాలం డబ్బు ఆగకూడదంటే 10 రోజుల్లోపు ఆ మాట రాతపూర్వకంగా అడగాలి. పోస్టులో వచ్చేందుకు ఇంకో అయిదు రోజులు కలుపుతారు. అపీలు ఓడిపోతే ఆ నెలల డబ్బు తిరిగి అడగొచ్చు, అప్పుడు మాఫీ కోరే వీలుంది.

ఒకవేళ వైకల్యం లేదని తేల్చినా, అంతకుముందు నుంచే ఐఈపీ ఉండి స్కూల్లో చదువుతున్న 18 నుంచి 21 ఏళ్ల విద్యార్థికి సెక్షన్ 301 కింద చదువు సాగినంత కాలం డబ్బు కొనసాగుతుంది. స్టేట్ వొకేషనల్ రీహాబిలిటేషన్ శిక్షణలో ఉన్నా ఈ దారి ఉంది. ఇది ఆఫీసులో ఎవరూ గుర్తుచేయరు, పేరు పెట్టి అడగాలి. హైస్కూల్ డిప్లొమా తీసుకోవడానికి తొందరపడొద్దని ప్రత్యేకంగా చెప్పేది ఇందుకు కూడా. రెగ్యులర్ డిప్లొమా చేతికొచ్చిన రోజుతో స్పెషల్ ఎడ్యుకేషన్ హక్కు ముగుస్తుంది. తీసుకోకపోతే చాలా రాష్ట్రాల్లో 21 నిండేదాకా ట్రాన్సిషన్ ప్రోగ్రాము, జాబ్ కోచింగు స్కూలు ఖర్చుతోనే దొరుకుతాయి.

2,000 డాలర్ల గోడ

ఎస్ఎస్ఐ తీసుకునే మనిషి పేరు మీద నెల మొదటి తారీఖున 2,000 డాలర్లకు మించి ఉండకూడదు. 1989 నుంచి ఈ అంకె మారలేదు. ఇది అన్యాయమైన నిబంధన, కానీ ఉన్నంతకాలం పాటించక తప్పదు. పిల్లల పేరు మీద ప్రేమగా దాచిన డబ్బే ఇక్కడ గుదిబండ అవుతుంది.

పుట్టినప్పుడు తెరిచిన యూటీఎంఏ (మైనరు పేరు మీద పెద్దవాళ్లు నడిపే) ఖాతా రాష్ట్రాన్ని బట్టి 18కో 21కో బిడ్డ సొంతమైపోతుంది, ఆ రోజు నుంచి లెక్కలోకి వస్తుంది. బిడ్డతో కలిసి తెరిచిన జాయింట్ ఖాతాలో డబ్బంతా బిడ్డదే అనుకుంటారు, కాదని నిరూపించే పూచీ మనది. అమ్మమ్మ మనవరాలి పేరు మీద బెజవాడ బ్యాంకులో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్టు, తాతగారు మనవడి పేరు మీద రిజిస్టరు చేయించిన ప్లాటు కూడా అంతే. ఇండియాలో ఉందని వదిలిపెట్టరు. ఒంటి మీద వేసుకునే నగలు వ్యక్తిగత వస్తువుల కింద పోతాయి గానీ లాకర్లో దాచిన బంగారం బిస్కెట్లు ఆస్తే. కళ్ల ముందు పెట్టుకుని చూడండి: పేరు, ఖాతా, ఎంతుంది, పద్దెనిమిది నిండే నెలకు ఎవరిది అవుతుంది. ఈ నాలుగు గళ్ల కాగితం పదహారేళ్లప్పుడే రాసుకోవాలి.

అప్పుడు తెలిసి, గభాల్న ఆ డబ్బు నాన్న ఖాతాలోకి మార్చేస్తే? తన ఆస్తిని ఊరికే ఇచ్చేశాడని లెక్కవేసి 36 నెలల దాకా ఎస్ఎస్ఐ ఆపొచ్చు. సరైన దారులు మూడు. ఒకటి, బిడ్డకు పనికొచ్చే వాటి మీదే ఖర్చుపెట్టడం: కంప్యూటరు, దంత వైద్యం, థెరపీ. రెండు, ఏబుల్ ఖాతా, అంటే వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన పొదుపు ఖాతా. 2014 చట్టంతో వచ్చింది. అందులో లక్ష డాలర్ల దాకా ఉన్నా ఎస్ఎస్ఐ లెక్కలోకి రాదు. 2025లో ఏడాదికి 19,000 డాలర్లు వేయనిచ్చారు. ఉద్యోగం చేసేవాళ్లు, కంపెనీ రిటైర్మెంటు ప్లాన్‌లో వేయకపోతే, తమ జీతంలోంచి ఇంకొంత అదనంగా వేసుకోవచ్చు. 2026 జనవరి నుంచి 46 ఏళ్ల లోపు మొదలైన వైకల్యానికి కూడా ఇది తెరిచారు, అంతకుముందు 26. మూడు, స్పెషల్ నీడ్స్ ట్రస్టు, అంటే బిడ్డ కోసం వేరొకరు చూసుకునే నిధి. ఇందులో రెండు రకాలు కలిపేయకూడదు: బిడ్డ సొంత డబ్బుతో పెట్టిన ట్రస్టులో, బిడ్డ తదనంతరం మిగిలినదాంట్లోంచి మెడికెయిడ్ తన ఖర్చు తీసుకుంటుంది. అమ్మమ్మ తాతయ్యలో తల్లిదండ్రులో తమ డబ్బుతో పెట్టినదాంట్లోంచి తీసుకోదు. కాబట్టి పెద్దవాళ్లు ఇవ్వదలిచింది ఏదైనా బిడ్డ పేరు మీద కాక రెండో రకం ట్రస్టుకే ఇవ్వమని ముందే చెప్పాలి. వీలునామాలో కూడా అలాగే.

ఇంట్లో ఉన్నందుకు తగ్గే మూడో వంతు

అప్లికేషన్ మంజూరైనా చాలామందికి 994 రాదు, 662.67 వస్తుంది. తప్పు పడిందేమో అనుకుని వదిలేస్తారు. అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ అద్దె ఇవ్వకుండా, తిండి కూడా వాళ్లే పెడితే, మూడో వంతు తగ్గిస్తారు. 2024 సెప్టెంబరు 30 నుంచి నిబంధన కొంత మెత్తబడింది, తిండిని విడిగా ఆదాయంగా లెక్కపెట్టడం మానేశారు. కానీ ఇల్లు ఇంకా లెక్కలోనే ఉంది.

దీన్ని తప్పించడానికి బిడ్డ ఇంటి ఖర్చులో తన వాటా ఇవ్వాలి. మార్ట్‌గేజ్ లేదా అద్దె, ప్రాపర్టీ ట్యాక్స్, కరెంటు, గ్యాసు, నీళ్లు, మురుగు, చెత్త. ఇవి కలిపి మనుషుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది వాటా. నెలకు 3,200 అయ్యే ఇంట్లో నలుగురుంటే 800. అంత ఇవ్వడం కుదరకపోతే ఇంకో పద్ధతి ఉంది: రాతపూర్వకంగా అద్దె ఒప్పందం చేసుకుని, నెలకు కనీసం 351.33 డాలర్లు అద్దె పెడితే దాన్ని వ్యాపార పద్ధతిలో నడిచే అద్దెగానే చూస్తారు, కోత పడదు. 994లో మూడో వంతు, దాని మీద 20 కలిపితే వచ్చిన అంకె అది. అద్దె బిడ్డ ఖాతాలోంచి చెక్కుగానో బదిలీగానో ప్రతినెలా కనబడాలి. సాయం ఇంకా మొదలవకముందు నెలలకు అద్దె ఎలా ఇస్తాడు? డబ్బు వచ్చాక తీర్చేలా అప్పు పత్రం రాసుకోవచ్చు. అది మొదట్లోనే రాసుండాలి, తీర్చే ఉద్దేశం నిజంగా ఉండాలి. తర్వాత వెనక తేదీ వేసి రాస్తే పని చేయదు, చేయకూడదు కూడా.

ఉద్యోగం చేస్తే ఎంత తగ్గుతుంది

అసలు లెక్క ఇది. నెల జీతంలోంచి 20 డాలర్లు, మళ్లీ 65 డాలర్లు తీసేస్తారు. మిగిలినదాంట్లో సగమే ఆదాయంగా చూస్తారు, ఆ సగాన్ని 994లోంచి తీసేస్తారు. 1,085 డాలర్లు సంపాదిస్తే 85 పోగా 1,000, అందులో సగం 500. సాయం 494. రెండూ కలిపితే 1,579. ఇంట్లో ఊరికే కూర్చుంటే 994.

చదువుకునే పిల్లలకు దీనికి ముందు ఇంకో మినహాయింపు ఉంది. 22 ఏళ్ల లోపు ఉండి, కాలేజీలో వారానికి 8 గంటలు, 7 నుంచి 12 తరగతుల్లో అయితే 12 గంటలు క్లాసులకు వెళ్తుంటే, నెలకు 2,410 డాలర్ల దాకా, ఏడాదికి 9,730 డాలర్ల దాకా జీతం లెక్కలోకే రాదు. దీన్ని స్టూడెంట్ ఎర్న్‌డ్ ఇన్‌కమ్ ఎక్స్‌క్లూజన్ అంటారు. వేసవి సెలవుల్లో క్లాసులు లేకపోయినా మళ్లీ చేరతాడంటే వర్తిస్తుంది.

ఫ్రిస్కోలో ఒక పంతొమ్మిదేళ్ల అమ్మాయి, కమ్యూనిటీ కాలేజీలో చదువుతూ ఒక కిరాణా స్టోర్‌లో నెలకు 1,400 డాలర్లకు పని చేస్తోందనుకుందాం. జనవరి నుంచి జూన్ దాకా 8,400. అంతా మినహాయింపే, 994 పూర్తిగా వస్తుంది. జూలైలో 9,730కి మిగిలింది 1,330, కాబట్టి 70 డాలర్లే బయటికి వస్తుంది. అది 85 లోపే, ఆ నెలా పూర్తి సాయమే. ఆగస్టు నుంచి మామూలు లెక్క: 1,400లో 85 పోగా 1,315, సగం 657.50, సాయం 336.50. జనవరి రాగానే మినహాయింపు మళ్లీ మొదటికొస్తుంది. 22 నిండాక మాత్రం ఏడాదంతా 336.50 లెక్కే. అందుకే 22 లోపు ఉద్యోగం అలవాటు చేయడం అన్ని విధాలా లాభం.

ఈ మినహాయింపు దానంతట రాదు. పే స్టబ్‌లు పంపి, విద్యార్థి అన్న సంగతి చెప్పకపోతే మామూలు లెక్క వేసేస్తారు. ప్రతి సెమిస్టరు మొదట్లో ఎన్‌రోల్‌మెంటు ఉత్తరం పంపాలి. ఇంకో మెలిక: ఇది నెలవారీ సాయం లెక్కకే పనికొస్తుంది. కొత్త అప్లికేషన్‌లో ఎస్‌జీఏ 1,690 దాటాడా లేదా చూసేటప్పుడు దీన్ని తీసేయరు. వేసవి ఇంటర్న్‌షిప్‌లో నెలకు 2,300 వస్తున్నప్పుడే కొత్త అప్లికేషన్ పెట్టి, మినహాయింపు ఉంది కదా అనుకోవడం పొరపాటు.

వైకల్యం వల్లే అదనంగా పడే పని ఖర్చులుంటే అవి కూడా సగం చేయకముందే తీసేస్తారు. బస్సెక్కలేక పనికి క్యాబ్‌లో వెళ్లడానికి నెలకు 200 అయితే, పై లెక్కలో 1,115లో సగం 557.50, సాయం 436.50. రసీదులు దాచాలి.

జీతం ఎప్పుడు సంపాదించామన్నది కాదు, ఎప్పుడు చేతికొచ్చిందన్నదే లెక్క. రెండు వారాలకోసారి 700 వచ్చే ఉద్యోగంలో ఏడాదికి రెండు నెలల్లో మూడు చెక్కులు పడతాయి. విద్యార్థి మినహాయింపు లేనివాళ్లకు ఆ నెల 2,100. 85 పోగా 2,015, సగం 1,007.50. సాయం సున్నా. ఇది చూసి ఉద్యోగం మాన్పించినవాళ్లున్నారు. కంగారుపడక్కర్లేదు, మామూలు నెల రాగానే మళ్లీ మామూలుగా వస్తుంది. పైగా ఒక నెల జీతం ప్రభావం రెండు నెలల తర్వాత చెక్కులో కనబడుతుంది, ఆగస్టు జీతానికి అక్టోబరు చెక్కు తగ్గుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే తికమక ఉండదు.

జీతం 2,073 దాటి సాయం సున్నాకి చేరినా మెడికెయిడ్ పోదు. 1619(బి) అనే నిబంధన కింద వైకల్యం అలాగే ఉండి, ఆస్తి 2,000 లోపే ఉండి, మెడికెయిడ్ లేకపోతే పని చేయలేని పరిస్థితి అయితే కొనసాగుతుంది. దానికీ ఒక జీతం హద్దు ఉంది, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది గానీ పార్ట్‌టైం ఉద్యోగంతో దాన్ని చేరడం కష్టం. ఉద్యోగం పోతే అయిదేళ్లలోపు మొదటి నుంచి అప్లికేషన్ పెట్టకుండానే తిరిగి మొదలుపెట్టించుకోవచ్చు. ‘ఉద్యోగంలో చేరితే మెడికెయిడ్ పోతుంది’ అన్న మాట ఎవరన్నా ఈ నిబంధన పేరు చెప్పండి.

అమ్మానాన్నలు రిటైరయ్యాక

తల్లో తండ్రో రిటైరై సోషల్ సెక్యూరిటీ తీసుకోవడం మొదలుపెట్టినా, చనిపోయినా, 22 లోపు వైకల్యం మొదలైన బిడ్డకు వాళ్ల రికార్డు మీద విడిగా డబ్బు వస్తుంది. తల్లిదండ్రులు బతికుండగా వాళ్ల పూర్తి పింఛనులో సగం దాకా, పోయాక ముప్పాతిక దాకా. రెండేళ్లకు మెడికేర్ కూడా. ఇది చాలాసార్లు ఎస్ఎస్ఐ కన్నా ఎక్కువ, 2,000 హద్దు కూడా లేదు. కానీ దీని నిబంధనలు వేరు. ఇక్కడ సగం సగం లెక్క లేదు: నెలకు 1,210 దాటిన నెలలు తొమ్మిది ట్రయల్ నెలలుగా గడిచిపోయాక, 1,690 దాటిన నెల మొత్తం డబ్బు ఆగుతుంది. అంతకన్నా ముఖ్యం, ఈ హక్కు రాకముందే 22 తర్వాత ఎస్‌జీఏ దాటి పని చేసి ఉంటే వైకల్యం నిరంతరంగా లేదంటారు. అందుకే జాబ్ కోచ్ ఉత్తరాలు, యజమాని ఇచ్చిన సడలింపుల కాగితాలు ఇరవై ఏళ్ల తర్వాతకు కూడా దాచిపెట్టాలి.

పెళ్లి సంగతి కూడా చెప్పాలి. ‘పెళ్లి చేస్తే బాగవుతాడు’ అన్న మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. చాలా సందర్భాల్లో పెళ్లితో ఈ రెండో రకం డబ్బు ఆగిపోతుంది, ఎస్ఎస్ఐలో జీవిత భాగస్వామి ఆదాయం లెక్కలోకి వస్తుంది. పెళ్లి వద్దని కాదు, తెలిసి చేసుకోవాలని.

సంతకాలు, ఉత్తరాలు, విమానం టికెట్లు

పద్దెనిమిది నిండితే బిడ్డ చట్టప్రకారం పెద్దవాడు, డబ్బు అతని పేరునే వస్తుంది. దాన్ని చూసుకోలేడంటే తల్లో తండ్రో రెప్రజెంటేటివ్ పేయీగా సోషల్ సెక్యూరిటీ దగ్గర విడిగా నియామకం తీసుకోవాలి. కోర్టు గార్డియన్‌షిప్ ఉన్నా దానంతట రాదు, పవర్ ఆఫ్ అటార్నీని వాళ్లు ఒప్పుకోరు. గార్డియన్‌షిప్ లేకపోయినా పేయీ కావచ్చు. ఈ ఒక్క డబ్బు కోసం కోర్టుకెళ్లి బిడ్డ హక్కులన్నీ తీసుకోనక్కర్లేదు.

ఎస్ఎస్ఐ మీద ఉన్న మనిషి వరుసగా 30 రోజులు దేశం బయట ఉంటే డబ్బు ఆగుతుంది, తిరిగొచ్చి వరుసగా 30 రోజులు ఇక్కడ ఉన్నాకే మళ్లీ మొదలవుతుంది. ఫిబ్రవరి నెలంతా బయట ఉన్నా అంతే. వేసవి ప్రయాణం నాలుగు వారాల లోపు చూసుకోండి. ఎక్కువ రోజులు తప్పదంటే ముందే చెప్పి వెళ్లండి; పాస్‌పోర్టు ముద్రలు తర్వాత ఎలాగూ బయటపడతాయి.

జీతం వచ్చిన నెల దాటాక వచ్చే పదో తారీఖులోపు పే స్టబ్‌లు పంపాలి, సోషల్ సెక్యూరిటీ ఫోన్ యాప్‌లో ఫొటో తీసి పెట్టొచ్చు. పంపిన రసీదు దాచుకోండి. పంపినా వాళ్లు ఎక్కించకపోవచ్చు, అప్పుడు ఏడాది తర్వాత ‘మీకు ఎక్కువ ఇచ్చాం, తిరిగి కట్టండి’ అని ఉత్తరం వస్తుంది. అంకె తప్పనిపిస్తే 60 రోజుల్లోపు అపీలు చేయాలి. అంకె సరే గానీ తప్పు మనది కాదు, కట్టే స్తోమత లేదంటే ఎస్ఎస్ఏ-632 ఫారం మీద మాఫీ అడగాలి, దానికి గడువు లేదు. ఏదీ చేయకపోతే ఎస్ఎస్ఐ వస్తున్నవాళ్లకు సాధారణంగా నెలకు పది శాతం చొప్పున కోసుకుంటారు. ఉద్యోగంలో చేరే ముందే బీపీక్యూవై అనే కాగితం అడిగి తీసుకుంటే అప్పటిదాకా వాళ్ల రికార్డులో ఏమేం ఉందో అంతా అందులో కనబడుతుంది. అది పట్టుకుని మీ రాష్ట్రంలోని విపా అనే ఉచిత బెనిఫిట్స్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే వారంలోనే వెళ్తే ఇంకా మంచిది.